కువైట్ జాబు: బావికి ముందు చేసే పని



గత సంచికలో ఉగాది పచ్చడి కోసం వేపపువ్వు వెతుక్కుంటూ తిరిగిన సంగతి రాశాను. అది చదివి కొందరు, "మీరు నూనె దేశంలో ఉండి పచ్చడి గురించి రాస్తారేమిటి? నూనె గురించి రాయండి" అని అడిగారు. సరే, ఈసారి నూనె గురించే రాస్తాను. అయితే నూనె పడిన తరువాతి కథ మీకు తెలుసు. ఎత్తయిన మేడలు, వెడల్పు రోడ్లు, పెద్ద కార్లు. నేను రాసేది నూనె పడక ముందు సంగతి. ఇంకా చెప్పాలంటే, బావి తవ్వడం మొదలుపెట్టక ముందు సంగతి.

నెల క్రితం మా ఆరో తరగతి పిల్లలను అహ్మదీ ఊరికి తీసుకొని వెళ్లాము. అక్కడ కువైట్ ఆయిల్ కంపెనీ వారి పెద్ద ప్రదర్శనశాల ఉంది. వెళ్లే ముందు రోజు తరగతిలో నేను తేదీలు చెప్పాను. 1934 డిసెంబరు 23న షేక్ అహ్మద్ అల్ జాబర్ గారు చమురు వెతకడానికి ఆ కంపెనీకి అనుమతి ఇస్తూ సంతకం చేశారు. 1936లో బహ్రా అనే చోట మొదటి బావి మొదలుపెట్టారు. 7,950 అడుగులు తవ్వినా పనికివచ్చేంత నూనె పడలేదు. తరువాత దక్షిణాన బుర్గాన్‌లో తవ్వితే 1938 ఫిబ్రవరిలో 3,672 అడుగుల దగ్గర నూనె ఉబికి వచ్చింది. యుద్ధం వచ్చి 1942లో బావులను సిమెంటు పోసి మూసేశారు. మొదటి ఓడ నూనె నింపుకొని బయలుదేరింది 1946 జూన్ 30న.

పిల్లలు ఇవన్నీ రాసుకున్నారు. ఒక పాప మాత్రం చెయ్యి ఎత్తి, "టీచర్, అక్కడ ఇంకా ఏమీ లేనప్పుడు, మొదటి రోజు ఎవరు వెళ్తారు?" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇటువంటి ప్రశ్నకే టీచర్లు తడబడతారు. "సర్వేయర్ వెళ్తాడు" అని చెప్పి తప్పించుకున్నాను.

శుక్రవారం ఫహాహీల్‌లో మన తెలుగువాళ్లు కొందరు ఒక ఇంట్లో కలుస్తాము. భజన చేసుకుంటాము, కలిసి భోజనం చేస్తాము. నా తెలుగు గుడిబడిలో నేర్చుకున్న తెలుగు. సాయంత్రం చెరకు తోట నుంచి వచ్చిన తాతలు, అరుగు మీద పలకలు పట్టుకున్న మనవలు, దీపం పక్కన గురువుగారు. అక్కడ నేర్చుకున్న మాటలు ఇక్కడ వాడితే కడప తమ్ముళ్లు నవ్వుతారు. "టీచరక్కా, నువ్వు మాట్లాడితే హరికథ విన్నట్టు ఉండాది" అంటారు. ఆ శుక్రవారం నేను పాప ప్రశ్నను వాళ్ల ముందు పెట్టాను. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన తమ్ముడు అన్నం కలుపుతూనే తల ఎత్తకుండా అన్నాడు.

"ఇంకెవురక్కా? మేమే."

ఈ తమ్ముడి గురించి ముందు చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక కాగితం చేతిలో పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. అది అతని ఉద్యోగ ఒప్పందం. అరబ్బీలోను, ఇంగ్లీషులోను ఉంది. ఊరిలో ఏజెంటు డ్రైవర్ ఉద్యోగం అని చెప్పాడట. నేను చదివి చెప్పాను: కాగితంలో ఉన్నది కూలీ అని. కాసేపు ఏమీ అనలేదు. "అట్నా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అతను చేస్తున్న పని ఇదే. కొత్త చమురు బావి తవ్వబోయే చోట నేలను సిద్ధం చేయడం.

అతను ఆ రోజు చెప్పినది, తరువాత రెండు మూడు శుక్రవారాలు నేను అడిగి రాసుకున్నది, ఇప్పుడు మీకు చెబుతాను.

భూగర్భ శాస్త్రవేత్తలు నేలలోకి కంపనాలు పంపి, తిరిగి వచ్చిన వాటిని లెక్కగట్టి, కింద రాతి పొరలు ఎలా ఉన్నాయో పటం గీస్తారు. ఆ పటం చూసి ఒక బిందువు ఎంచుతారు. సర్వేయర్ వచ్చి ఆ బిందువు దగ్గర ఒక కొయ్య పాతుతాడు. చుట్టూ ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ కొయ్య మీద కట్టిన రంగు గుడ్డ గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. దానినే వీళ్లు లొకేషన్ అంటారు.

తరువాత ఆ నేల కింద పాత పైపులు, కరెంటు తీగలు ఉన్నాయేమో చూస్తారు. ఆ తరువాత వెతికేది బాంబులు. 1991లో ఇరాక్ సైన్యం వెనక్కి వెళ్తూ 600కు పైగా బావులకు నిప్పు పెట్టింది. చివరి మంట ఆ ఏడు నవంబరు 6న ఆరింది. కాని వాళ్లు పాతిన మందుపాతరలు, పేలకుండా ఇసుకలో కూరుకుపోయిన గుండ్లు మిగిలాయి. ఎన్నిసార్లు ఏరినా గాలికి ఇసుక కదిలినప్పుడు ఇంకా బయట పడుతుంటాయి. అందుకని యంత్రాలు పట్టుకున్న నిపుణులు ముందు అడుగు అడుగూ నడిచి చూస్తారు. వారు సరే అన్నాకే మిగిలినవారు కాలు పెట్టాలి. "ముందు దినం ఆ గీత దాటినప్పుడు మా అమ్మను తలుచుకున్న్యానక్కా" అన్నాడు తమ్ముడు.

అప్పుడు నేల పని మొదలవుతుంది. షావల్ అనే బండి పై ఇసుకను తోడేస్తుంది. కువైట్‌లో ఇసుక కింద సున్నం కలిసిన గట్టి మన్ను ఉంటుంది. దానిని గట్చ్ అంటారు. లారీలతో ఆ మన్ను తెచ్చి పోస్తారు. ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు. గ్రేడరు చదును చేస్తుంది. రోలరు తొక్కుతుంది. మళ్లీ మన్ను, మళ్లీ నీళ్లు, మళ్లీ రోలరు. ఇంత ఎందుకని అడిగాను. బావి తవ్వే రిగ్గు వందల టన్నుల బరువు. కింద నేల ఒక పక్క కొంచెం కుంగినా పైన ఉన్న ఇనుప గోపురం ఒరుగుతుంది. "ఇల్లు కట్టేటప్పుడు పునాది గెట్టిగా ఉండాల గదా, అంతే" అని అతని జవాబు.

చదును చేసిన నేల నడుమ, కొయ్య పాతిన చోటనే, మనిషి లోతు చతురస్రపు గొయ్యి తవ్వి సిమెంటు గోడలు కడతారు. బావి నోరు అందులో ఉంటుంది. ఒక పక్క బురద కోసం, నీళ్ల కోసం గుంటలు తవ్వి అడుగున ప్లాస్టిక్ పరుస్తారు. బురద అంటే మామూలు బురద కాదు. ప్రత్యేకమైన బంకమన్ను, బరువైన పొడులు నీళ్లలో కలిపి చేసినది. తవ్వేటప్పుడు ఆ బురద బరువే కింద ఉన్న గ్యాసును, నూనెను పైకి తన్నకుండా అణచి ఉంచుతుంది.

నాకు బాగా నచ్చిన సంగతి గాలి లెక్క. ఇక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. కొన్ని బావులలో నూనెతో పాటు విష వాయువు కూడా వస్తుంది. దాని పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, మనిషి పడిపోతాడు. అందుకని మనుషులు ఉండే గదులు గాలి వచ్చే వైపు, గ్యాసు కాల్చే గుంట గాలి వెళ్లే వైపు పెడతారు. కర్రకు గుడ్డ సంచి కట్టి గాలి ఎటు పోతున్నదో ఎప్పుడూ చూస్తుంటారు. ఇదంతా ముందే, ఖాళీ నేల మీద గీతలు గీసినప్పుడే నిర్ణయిస్తారు. రిగ్గు వచ్చాక మార్చడం కుదరదు.

రోడ్డు కూడా వేస్తారు. అన్నీ అయ్యాక రిగ్గును ముక్కలుగా విప్పి పదుల లారీల మీద తెస్తారు. ఆ లారీలు వచ్చే రోజుకు మన తమ్ముడు, అతని జట్టు ఆ చోట ఉండరు. ఇంకొక కొయ్య దగ్గరకు వెళ్లిపోయి ఉంటారు. "నూనె పడిందా లేదా అని మీకు చెబుతారా?" అని అడిగాను. "మాకెవురు చెప్తారక్కా" అన్నాడు.

ఆ రోజు భోజనానికి కోనసీమ నుంచి వచ్చిన ఒక తమ్ముడు కూడా ఉన్నాడు. వంటపని చేస్తాడు. ఇంతసేపు వింటూ ఉన్నవాడు నెమ్మదిగా అన్నాడు. "మా వైపు కూడా రిగ్గులు దిగాయండి. మీ ఎడారిలో కొట్టడానికి చెట్టు లేదు. మా దగ్గర ముందు కొబ్బరిచెట్లు కొట్టేవారండి." అతని చిన్నతనంలో, 1995 జనవరి 8న, పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న బావి బద్దలై మండింది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లారు. "రాత్రి పగలు తేడా తెలిసేది కాదండి. మా నాన్న భుజం మీద కూర్చుని చూశానండి. భయం కన్నా వింతే ఎక్కువండి అప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే భయం, ఆయ్."

అప్పుడు రాయచోటి తమ్ముడు తన ఊరి బావుల సంగతి చెప్పాడు. దాని కోసమే నేను ఈ జాబు రాస్తున్నాను.

అతనికి నాలుగు ఎకరాలు ఉంది. చీనీ తోట పెట్టాడు. బావి ఎండింది, బోరు వేశాడు. "కాయ చూసేటాయన్ను పిలిపించినాము. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేను మింద నడిచినాడు. కాయ లేసి నిలబడిన తావున గుర్తు పెట్టినాము. పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం ఎలిగించి, టెంకాయ కొట్టినాము. బండి వచ్చింది. రాత్రికి రాత్రి ఎనిమిది వందల అడుగులు పోయింది. దుమ్ము తప్ప ఏమీ రాల్యా." రెండో బోరులో ఆరు నెలలు నీళ్లు వచ్చి ఆగిపోయాయి. మూడోది మళ్లీ దుమ్ము. చీనీ చెట్లు కళ్ల ముందే ఎండాయి. అప్పు మిగిలింది. ఆ అప్పు తీర్చడానికే అతను కువైట్ వచ్చాడు.

నేను టెంకాయను వెక్కిరించడం లేదు. ఈ దేశపు కథలో కూడా ఒక కల ఉంది. హెరాల్డ్ డిక్సన్ అనే ఇంగ్లీషు అధికారి తరువాత చమురు కంపెనీలో చేరాడు. బహ్రాలో నూనె పడని రోజులలో ఆయనకు ఎడారిలో ఒంటరి రేగుచెట్టు కలలోకి వచ్చిందట. ఒక బెదూయిన్ స్త్రీ దానికి అర్థం చెప్పిందని తన పుస్తకంలో రాసుకున్నాడు. భూమి కింద ఉన్నది కంటికి కనబడదు. కనబడని దాని కోసం డబ్బు పెట్టే మనిషి కలను, కాయను, దేవుణ్ణి అడుగుతాడు. అందులో తప్పు లేదు. తేడా ఒక్కటే. బహ్రాలో 7,950 అడుగులు వృథా అయితే ఆ నష్టం రెండు పెద్ద విదేశీ కంపెనీలు పంచుకున్నాయి. రాయచోటిలో ఎనిమిది వందల అడుగులు వృథా అయితే ఒక ఇల్లు మునిగింది.

ఇది రాస్తుంటే మన తాతల కథ గుర్తుకు వస్తున్నది. మన ఇళ్లలో ప్రతి ముసలమ్మా చెప్పిన కథే. మారిషస్‌లో రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుందని మేస్త్రీలు చెప్పి మన వాళ్లను ఓడ ఎక్కించారు. కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి వచ్చారు. రాళ్లు నిజంగానే ఉన్నాయి. నల్లని అగ్నిపర్వతపు రాళ్లు. వాటిని ఎత్తారు, చెరకు చేల నడుమ కుప్పలు పోశారు. ఇప్పటికీ ఆ కుప్పలు అక్కడ ఉన్నాయి. అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. మా ముత్తాత కాగితం నేను మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో చూశాను. ఎత్తు రాశారు, ఒంటి మీద మచ్చ రాశారు. ఆయనకు ఆ ఒప్పందం ఎవరైనా ఆయన భాషలో చదివి చెప్పారా అనేది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఆయన కూడా నేలను సిద్ధం చేసినవాడే. పంట ఎవరిదో మీకు తెలుసు.

సరే, ఇప్పటి సంగతికి వస్తాను. రెండు నెలల క్రితం రాయచోటి తమ్ముడికి ఊరి నుంచి అన్న ఫోను చేశాడు. నాలుగో బోరు వేద్దాము, ఈసారి వెయ్యి అడుగులు పోదాము, రెండు లక్షలు పంపు అని. తమ్ముడి దగ్గర అంతే ఉంది. రెండేళ్లు జూన్, జూలై ఎండల్లో పని చేసి దాచినది. ఇక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని చేయించకూడదని చట్టం ఉంది. కాని తెల్లవారుజామున నాలుగింటికే లేచి వెళ్లాలి. ఎండలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నట్టు ఉంటుందట.

అతను నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "అక్కా, ఈడ ఒక బావికి ముందు ఎన్ని తూర్లు చూస్తారో నేను కండ్లారా చూసినా. కొయ్య నాటేవాడు ఒకడు, బాంబులు ఎతికేవాడు ఒకడు, గాలి చూసేవాడు ఒకడు. మా చేను కాడ ఒక్కడన్నా వచ్చి యంత్రం పెట్టి చూసినాడా? ఎవురిని అడగాల?"

నాకు తెలియదు. నేను మారిషస్ దాన్ని. ఇక్కడి తెలుగువాళ్లను నలుగురిని అడిగాను. ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భ జల శాఖ ఉందని, నీళ్లు ఉన్నాయో లేవో పరీక్ష చేసి చెబుతుందని తెలిసింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లోనే వాల్టా చట్టం వచ్చిందని, కొత్త బోరు ఇష్టం వచ్చినట్టు వేయకూడదని కూడా తెలిసింది. "అయితే అర్జీ రాయి అక్కా, నువ్వు టీచరు గదా" అన్నాడు.

ఆ రాత్రి కూర్చొని అర్జీ రాశాను. యాభై ఏళ్లు దాటిన వయసులో నా జీవితంలో నేను రాసిన మొదటి తెలుగు అర్జీ అది. గుడిబడిలో గురువుగారు నేర్పినట్టు "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి, "తమ దివ్య సముఖమునకు" అని రాశాను. తమ్ముడు చదివి పడి పడి నవ్వాడు. "అక్కా, ఇది అర్జీ మాదిరి లేదు, పెండ్లి పత్రిక మాదిరి ఉండాది." తీసేయమన్నాడు. తీసేశాను. చేను ఎక్కడ ఉంది, ఇంతకు ముందు ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతు, ఎప్పుడు ఎండాయి అని మాత్రం సూటిగా రాశాము. అతను ఫోనులో ఫోటో తీసి అన్నకు పంపాడు. అన్నకు కోపం వచ్చింది. "రెండేండ్లు కువైట్‌లో ఉండి నాకే చెప్తావా" అన్నాడట. అయినా వదిన పట్టుకొని వెళ్లి ఆఫీసులో ఇచ్చింది.

గత వారం కబురు వచ్చింది. ఒకాయన వచ్చి నేలలో ఇనుప కడ్డీలు గుచ్చి, కరెంటు పంపి చూశాడు. ఆ చేనులో కింద గట్టి రాయి తప్ప నీళ్లు నిలిచే పొర లేదన్నాడు. బోరు వేయవద్దన్నాడు.

నేను సంతోషించాను, రెండు లక్షలు మిగిలాయని. తమ్ముడు సంతోషించలేదు. శుక్రవారం వచ్చి భజనలో కూర్చున్నాడు, పాడలేదు. భోజనం దగ్గర మెల్లగా అన్నాడు. "దుడ్లు మిగిలినాయి అక్కా, నిజమే. కాని బోరు ఏసినప్పుడన్నా పడతాదేమో అని ఒక ఆశ ఉండె. ఇప్పుడు లేదని తెలిసిపాయె." నాకు జవాబు రాలేదు. సంతోషించినందుకు సిగ్గుపడ్డాను.

కాసేపటికి అతనే, డబ్బు పాప చదువుకు పెడతానన్నాడు. చీనీ వద్దని, వానకు పండే పంట ఏదైనా వేయమని అన్నకు చెప్పాడట. అన్న ఇంకా ఒప్పుకోలేదు. సెప్టెంబరులో ఇక్కడి ఒప్పందం ముగుస్తుంది. కొత్త కాగితం వస్తే సంతకం పెట్టే ముందు నాకు చూపిస్తానని మాట ఇచ్చాడు. ఈసారి డ్రైవర్ అని రాయించుకోవాలని అతని పట్టుదల. లైసెన్సు కోసం చదువుతున్నాడు.

మా తరగతి పాపకు సోమవారం జవాబు చెప్పాను. మొదటి రోజు కొయ్య పాతేవారు, బాంబులు ఏరేవారు, మన్ను తొక్కేవారు వెళ్తారని చెప్పాను. "వాళ్ల పేర్లు ఎక్కడ ఉన్నాయి టీచర్?" అని అడిగింది. ఆ పిల్ల అంత తేలికగా వదలదు.

పాఠకులకు ఒక మనవి. మీలో చాలామంది మీ ముత్తాతల కాగితం ఇంకా చూసి ఉండరు. సెలవు దొరికినప్పుడు ఒకసారి మోకాకు వెళ్లండి. ఊరి పేరు, ఓడ పేరు రాసుకొని రండి. మీ చేను పక్కన రాళ్ల కుప్ప ఉంటే దాని గురించి ఇంట్లో పెద్దలు ఏమి చెప్పేవారో నాకు రాసి పంపండి. తప్పుల తెలుగైనా ఫరవాలేదు. నాదీ అదే.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాము. సింహాద్రి అప్పన్న అందరినీ చల్లగా చూడుగాక.